మీ కోసం ప్రార్థిస్తున్నాం

జపాన్ యూనివర్సిటీల్లో పిల్లలు ఒంటరితనంతో, అప్పులతో నలిగిపోతున్నారని గిట్టనివాళ్లు ఏదేదో అంటుంటారు. తీవ్రంగా ఖండిస్తున్నాను. అక్కడి విద్యార్థి క్షేమం కోసం సాక్షాత్తు కంపెనీలే ప్రార్థనలు చేస్తున్నాయి. అనుమానం ఉంటే ఉద్యోగాల వేటలో ఉన్న ఏ కుర్రాడి ఫోనైనా తెరిచి చూడండి: "ఎంతో ఆలోచించిన మీదట, ఈసారి తమరికి అవకాశం ఇవ్వలేకపోతున్నాం. తమరు మున్ముందు మరింత రాణించాలని హృదయపూర్వకంగా ప్రార్థిస్తున్నాం."

దీని పేరు 'ఒఇనోరి మెయిల్'. ప్రార్థన మెయిలన్నమాట. "ఇంటర్వ్యూ పోయింది" అనే మోటు మాట అక్కడి పిల్లల నోట రాదు. "నిన్న నన్ను మళ్లీ ప్రార్థించారు" అంటారు. ముప్పై కంపెనీలు కట్టగట్టుకుని ప్రార్థించిన కుర్రాడికి దక్కే పుణ్యం మన దగ్గర శతచండీ యాగం చేయించినా రాదు.

ఈ వేటకు ముహూర్తాలు కూడా ప్రభుత్వమే పెట్టింది. మూడో ఏడు ముగిసే వేళ మార్చి 1న కంపెనీల పరిచయ సభలు, జూన్ 1 నుంచి ఇంటర్వ్యూలు, అక్టోబరు 1న లాంఛనంగా నియామకం ఖాయం. ముహూర్తానికి ముందే గుట్టుగా మూడు ముళ్లూ వేసేసే కంపెనీలకు కొదవ లేదనుకోండి. పెద్దలు చూసీ చూడనట్టుంటారు.

నిన్నటిదాకా జుట్టుకు రాగి రంగు పూసుకు తిరిగినవాళ్లు రాత్రికి రాత్రే నలుపులోకి మారతారు. నల్ల సూటు, తెల్ల చొక్కా, నేల మీద పెడితే పడిపోకుండా తనంతట తానే నిలబడే నల్ల సంచి. ఆ సంచిని చూసైనా నిలకడ నేర్చుకోవాలని కాబోలు. "దుస్తులు మీ ఇష్టం" అని పిలుపులో రాసినా ఆ ఇష్టం నల్లగానే వస్తుంది. గది తలుపు మూడుసార్లు తట్టాలి. రెండుసార్లు తడితే మరుగుదొడ్డి తలుపు తట్టినట్టట! నాలుగేళ్ల చదువులో ఇంతకన్నా పనికొచ్చే సూక్ష్మం ఏముంటుంది?

లోపలికి వెళ్లాక అడిగేది 'గకుచికా' గురించి. అంటే, చదువుకునే రోజుల్లో నువ్వు దేనికోసం చెమటోడ్చావు అని. చదువు కోసం అంటే నమ్మరు. అందుకని ప్రతివాడూ ఏదో ఒక సర్కిల్‌కు, అంటే విద్యార్థుల క్లబ్బుకు, ఉపాధ్యక్షుడవుతాడు, నలుగురి మధ్యా రాపిడి తగ్గించే కందెన లాంటివాణ్నని చెప్పుకుంటాడు. ఇంతమంది కందెనలున్న దేశంలో కిర్రుమనే చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పరిశోధించాలి.

క్లాసుల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. తొంభై నిమిషాల పాఠానికి స్నేహితుడి బదులు హాజరు పలకడాన్ని 'దైహెన్' అంటారు. 'ప్రాక్సీ' వేసి డిగ్రీ గట్టెక్కిన తెలుగు సోదరులకు ఇదొక ఊరట.

అప్పులంటారా? అదీ అపోహే. వాళ్లు తీసుకునేది 'షోగకుకిన్', అంటే స్కాలర్‌షిప్. తిరిగి కట్టాలంతే. చాలామంది వడ్డీతో సహా కట్టాలి. తిరిగి కట్టక్కర్లేని రకాన్ని అక్కడి ప్రభుత్వ సంస్థ 2017లో గానీ మొదలుపెట్టలేదు. మరీ అలవాటు చేస్తే పిల్లలు చెడిపోతారు కదా. టోక్యో విశ్వవిద్యాలయం కూడా ఏడాదికి 5,35,800 యెన్‌లున్న ఫీజును 2025లో 6,42,960 చేసి వాళ్లను చెడిపోనివ్వకుండా తన వంతు సాయపడింది.

ఇక ఒంటరితనం. క్యోటో విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో పొడవాటి బల్లకు నడుమ అడ్డం పెట్టారు. ఎదుటివాడి మొహం కనపడకుండా ఒక్కడే కూర్చుని తినొచ్చు. పిల్లలు దాన్ని 'బొచ్చి' సీటన్నారు. బొచ్చి అంటే ఒంటరి. మన బొచ్చెకూ దానికీ చుట్టరికం లేదు, చేతిలో పళ్లెం తప్ప.

అలాంటి సీట్లో ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. చాలా క్యాంపస్‌లలో దొరికే వంద యెన్‌ల టిఫిన్ ముందుంది: అన్నం, మిసో సూపు. పక్కనే ఫోను. రెండు వారాలుగా ఏ కబురూ లేదు. మెయిల్ కూడా పంపని కంపెనీలది 'సైలెంట్ ప్రార్థన', భక్తిలో అది పై మెట్టు. ఇంతలో ఫోను మోగింది. చాప్‌స్టిక్స్ పడేసి అందుకున్నాడు.

పార్ట్‌టైమ్ చేసే కొట్టు మేనేజరు. సాయంత్రం షిఫ్టుకు మనిషి తక్కువయ్యాడు, రాగలవా అని.