ముద్దుపేరుకు కొలబద్ద పట్టిన సందేశం

కొంతకాలంగా ఒకే సందేశం వేర్వేరు మిత్రుల నుంచి, వేర్వేరు గ్రూపుల నుంచి నా ఫోనుకు చేరుతూనే ఉంది. పంపేవారిలో పిల్లలను పెంచి పెద్దచేసినవారు, మామూలుగా ఏ మాటనూ ఊరికే నమ్మనివారు కూడా ఉన్నారు కనుక చూసీచూడనట్టు ఊరుకోవడం కష్టమైపోయింది. సందేశం సారాంశం ఇది: ముద్దుపేరు అసలు పేరు కంటే చిన్నదిగానే ఉండాలి. పెద్దదైతే అది భాషాస్వభావానికి విరుద్ధం. చరిత్రలో అలాంటి దాఖలా లేదు, ఇది సామాజిక మాధ్యమాలు తెచ్చిపెట్టిన వేలంవెర్రి. అలా పిలిచేవారిది ప్రేమ కాదు, ప్రదర్శన. అక్షరాలు పెరిగితే పేరుకున్న బలం తగ్గుతుంది. పసిపిల్లలను పొడవైన ముద్దుపేర్లతో పిలిస్తే తమ పేరేదో తెలియక పిలిచినా తిరిగి చూడరు, మాటలు ఆలస్యమవుతాయి, మూడు వారాలు ఆ పేరు మానేస్తే అంతా సర్దుకుంటుంది. చివర ‘మీ శ్రేయోభిలాషి’ అని సంతకం.

భాషాస్వభావం సంగతి ముందు చూద్దాం. వెంకటేశ్వర్లు వెంకీ అయ్యాడు, సుబ్రహ్మణ్యం సుబ్బు అయ్యాడు, నిజమే. కానీ రమ, లత, హరి, రవి వంటి పేర్లను ఎక్కడ కోయాలో ఆ శ్రేయోభిలాషి చెప్పలేదు. రవిలో సగం తీసేస్తే ఒక్క ‘ర’ మిగులుతుంది, దానితో ఎవరిని పిలుస్తాం? అందుకే పొట్టి పేర్లకు మనం ఏదో ఒకటి చేర్చుకుంటాం. లత లతమ్మ అవుతుంది, రవి రవిగాడవుతాడు. ఇది మన ఒక్కరి అలవాటూ కాదు. స్పానిష్‌లో హువాన్ హువానితో అవుతాడు, ఆనా అనీతా అవుతుంది. చిన్నతనాన్ని, ముద్దును సూచించే ప్రత్యయం చేరడం వల్లనే అక్కడ పేరు పొడుగవుతుంది. రష్యన్‌లోనైతే ఈ పని రెండు అంచెలుగా జరుగుతుంది. ఓల్గా రోజువారీ పిలుపులో ఓల్యా, ముద్దు ఎక్కువైతే ఓలెచ్కా. ఒకే అక్షరంగా పలికే లెవ్ అనే పేరు ల్యోవా మీదుగా ల్యోవుష్కా దాకా సాగుతుంది. జపాన్ వారు పేరును రెండు మాత్రలకు కత్తిరించి, దానికి ‘చాన్’ అతికిస్తారు కాబట్టి మిదొరి మీచాన్ అవుతుంది. కోత, అతుకు ఒకే ముద్దుపేరులో కలిసి ఉన్నచోట భాషాస్వభావం ఏ పక్షాన ఉందో తేల్చే పని ఆయనకే వదిలేస్తున్నాను. అన్నట్టు, పొడవంటే అక్షరాల లెక్కా, మాత్రల లెక్కా, పలకడానికి పట్టే కాలమా అన్నది కూడా సందేశంలో ఎక్కడా లేదు.

చరిత్రలో దాఖలా లేదన్న మాటకు ఎక్కువ సేపు పట్టదు. రోమన్ చక్రవర్తి కాలిగులా పేరు గాయస్. క్రీ.శ. 12లో పుట్టిన ఆ పిల్లవాడు తండ్రి జర్మానికస్ వెంట సైనిక శిబిరంలో బుల్లి సైనికుడి వేషంలో తిరుగుతుంటే, అతని చిన్న బూట్లను చూసి ముచ్చటపడిన సైనికులు పెట్టుకున్న పేరు కాలిగులా. పెద్దయ్యాక ఆ పేరు అతనికి గిట్టేది కాదు. అయినా రెండువేల ఏళ్లుగా లోకం అతన్ని ఆ పేరుతోనే పిలుస్తోంది. ఇటలీ శిల్పి దొనాతో మనకు దొనాతెల్లోగానే తెలుసు. అర్జెంటీనాలో అధ్యక్షుడి భార్య ఎవా పెరోన్ జనానికి ‘ఎవీతా’, ఆమె 1952లోనే మరణించారు. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డినో అసలు పేరు రొనాల్డో, ‘చిన్న రొనాల్డో’ అనడానికే పేరు పెరిగింది. సామాజిక మాధ్యమాల వేలంవెర్రి రోమన్ సైనిక శిబిరం దాకా ఎలా పాకిందో నాకు అంతుపట్టలేదు.

ప్రేమ కాదు, ప్రదర్శన అన్న అభియోగం వింతగా ఉంది. జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుకున్న పిల్ల పక్కన కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, రెండో చేత్తో గ్లాసు పట్టుకున్న తల్లి ‘లతా’ అని ఊరుకోదు. ‘మా లతమ్మతల్లి కదూ, ఒక్క గుక్క తాగు నాన్నా’ అంటుంది. అర్ధరాత్రి, తలుపులు వేసిన గదిలో, వినేవారెవరూ లేనప్పుడు ఆమె ఎవరికి ప్రదర్శన ఇస్తోంది? ప్రదర్శన మాటే వస్తే, సొంత పేరు దాచుకుని ‘మీ శ్రేయోభిలాషి’ అని అంతకంటే పొడవైన బిరుదు తగిలించుకున్నవారు ఈ విషయంలో కొంచెం మెత్తగా మాట్లాడి ఉండవలసింది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. పసిపిల్లల గురించిన పేరా మాత్రం నవ్వుకుని వదిలేసేది కాదు, నేను ఇది రాయడానికి అసలు కారణం అదే.

బిడ్డకు తన పేరు ఎలా తెలుస్తుంది? కాగితం మీద రాసినదాన్ని బట్టి కాదు, తనవైపు తిరిగి జనం పదేపదే పలికే ధ్వనిని బట్టి. నాలుగున్నర నెలల పిల్లలు ఇతరుల పేర్ల కంటే తమ పేరు వినిపించినప్పుడు ఎక్కువసేపు అటు చెవి పెడతారని 1995లోనే మాండెల్, జుశిక్, పిసోనీ అనే పరిశోధకులు చూపించారు. అప్పటికి ఆ పిల్లలకు పేరంటే ఏమిటో తెలియదు, తెలిసింది ఆ ధ్వని ఆకారం మాత్రమే. ఇంట్లో అందరూ ‘బుజ్జికొండ’ అంటే బిడ్డ బుజ్జికొండకే తల తిప్పుతుంది, అదే ఆరోగ్యకరమైన స్పందన. ఆ తర్వాత అసలు పేరూ నేర్చుకుంటుంది. వందల మాటలు నేర్చుకోబోయే బుర్రకు ఒక మనిషికి రెండు పేర్లన్నది మోయలేని బరువేమీ కాదు.

మాటలు ఆలస్యమవుతాయన్న భయానికైతే, దొరికే ఆధారం ఎదురు దిక్కున ఉంది. ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 47 మంది పిల్లలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ముద్దు ప్రత్యయాలు చేరిన మాటలు, ఒకే ముక్కను రెండుసార్లు పలికే జంట మాటలు ఎక్కువగా విన్న పిల్లల పదసంపద 9 నుంచి 21 నెలల మధ్య వేగంగా పెరిగినట్టు తేలింది. వేర్వేరు మాటలు ఒకే తీరుగా ముగుస్తుంటే, గలగలా సాగే మాటల ప్రవాహంలో ఒక పదం ఎక్కడ ఆగిందో పోల్చుకోవడం తేలికవుతుందని మరికొన్ని ప్రయోగాలు కూడా చూపాయి. అవి మామూలు మాటల గురించిన అధ్యయనాలు, పొడవైన ముద్దుపేరు పెడితే బిడ్డ పండితుడవుతాడని నేను అనను. ఆ తరహా తర్కం మీద హక్కులన్నీ సందేశకర్తవే.

అసలు ప్రమాదం ఆ ‘మూడు వారాలు మానేయండి’ అన్న సలహాలో ఉంది. తొమ్మిది నెలలు నిండేసరికి చాలామంది పిల్లలు పేరు పెట్టి పిలిస్తే చూస్తారు, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు తల్లిదండ్రులకు ఇచ్చే ఎదుగుదల జాబితాలో అది ఆ వయసు కింద ఉంది. ఆ వయసు దాటినా బిడ్డ తిరగకపోతే ముందు అనుమానించవలసింది వినికిడిని. జలుబు తర్వాత కర్ణభేరి వెనుక ద్రవం నిలిచినా శబ్దం మసకబారుతుంది. పుట్టుకతో వినికిడి లోపం ఉన్న పిల్లలు కూడా నీడ కదలికకు, నేల అదురుకు తిరిగి చూస్తూ ఇంటిల్లిపాదినీ ఏమార్చగలరు. ఏడాది నిండినా పేరుకు స్పందించకపోవడం ఆటిజం తొలి సూచనల్లో ఒకటి కూడా. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స లేదా సహాయం అన్న లక్ష్యాన్ని వైద్యులు పెట్టుకున్నారు. ఈ విషయంలో వారాలకు విలువ ఉంది. అలాంటి చోట ఒక తల్లి డాక్టరు దగ్గరకు వెళ్లడం మాని, ‘బంగారుకొండ’ అనడం మానేసి, క్యాలెండరు చూస్తూ కూర్చుంటే ఆ జాప్యానికి ఎవరు జవాబుదారీ? వినికిడి పరీక్ష చేసే గదిలో ముద్దుపేరుకు ఎన్ని అక్షరాలని అడగరు. అడిగే చోటు ఏదైనా ఉంటే, బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చేయడం మంచిది.

ఇంత విసుక్కున్నా, ఒక మాట ఒప్పుకోవాలి. ఎక్కువగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయని అమెరికా భాషావేత్త జార్జ్ కింగ్స్లీ జిఫ్ గత శతాబ్దంలో గమనించిన సూత్రం ముద్దుపేర్లకూ వర్తిస్తుంది. బంగారుతల్లి రోజంతా నోళ్లలో నాని బంగారు అవుతుంది, చిట్టితల్లి చిట్టిగా మిగులుతుంది. పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తుతున్నప్పుడు ఎవరూ నాలుగు ప్రత్యయాలు చేర్చి పిలవరు, పిలవకూడదు కూడా. మనిషిని రప్పించడానికి పొట్టి పేరే మేలన్నది సందేశంలో ఉన్న నిజం, సందేశకర్త దాన్ని సూటిగా చెప్పి ఆగి ఉంటే నాకు పేచీయే లేదు. అయితే ముద్దుపేరుతో మనం చేసే పని రప్పించడం ఒక్కటే కాదు. మనిషి ఒళ్లోనే ఉన్నప్పుడు కూడా పిలుస్తాం, అప్పుడు తొందరేమీ ఉండదు, పేరు ఎంత సాగినా నష్టం లేదు.

మిగిలింది అక్షరాలు పెరిగితే బలం తగ్గుతుందన్న వాదం. రవి తెలుగులో రెండు అక్షరాలు, ఇంగ్లీషులో నాలుగు. రెండు భాషల్లోనూ సంతకం చేసే మనిషి పొద్దున బలంగా, సాయంత్రం నీరసంగా ఉంటాడని దీని అర్థం కాబోలు.

ఈ సందేశాన్ని ఇంకా పంపాలనే అనిపించే మిత్రులకు ఒక్క మనవి: పిల్లల గురించిన పేరా తీసేసి పంపండి. మిగతాదానివల్ల పోయేది చదివేవారి సమయమే.