‘బంజరు’ గారికి, పర్ర గట్టు మీద నుంచి

రెవెన్యూ రికార్డులో చిన్న గడిలో కాపురం ఉంటున్న ‘బంజరు’ గారికి,

నమస్కారం. మాది గోదావరి సముద్రంలో కలిసే చోటు. మడ చెట్లు అయిపోయాక, వరి పొలాలు మొదలయ్యే లోపు ఉండే ఉప్పు నేలని మేం పర్ర అంటాం. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోటు వచ్చినప్పుడే దాని మీదికి ఉప్పునీళ్ళు ఎక్కుతాయి. మిగతా రోజుల్లో ఎండిపోయి, తెల్లగా ఉప్పు తేలి ఉంటుంది. తమరు ఆ మిగతా రోజుల్లోనే చూడ్డానికి వచ్చినట్టున్నారు. చూసి, ‘బంజరు’ అని మూడక్షరాలు రాసి వెళ్ళిపోయారు.

అక్కడ ఏమీ మొలవదని తమరి నమ్మకం. ఇలకూర మొలుస్తుందండీ. ఆకు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటుంది. ఎండలు ముదిరితే నేలంతా కుంకుమ చల్లినట్టు ఎర్రబడుతుంది. బంజరుకి అంత సోకెందుకో! కింద బురదలో గాలాడదు, కాబట్టి రాలిన ఆకూ చచ్చిన వేరూ సరిగా కుళ్ళవు. వాటిలోని కార్బన్ వందల ఏళ్ళు అక్కడే పడి ఉంటుంది. సైంటిస్టులు దానికి ‘బ్లూ కార్బన్’ అని పేరు పెట్టి మురిసిపోతున్నారు.

పోటుతో పాటు చేపపిల్లలూ రొయ్యపిల్లలూ లోపలికొస్తాయి. పెద్ద చేపలు దూరలేని సన్నపాటి పాయల్లో మేసి, ఒళ్ళు చేసి, సముద్రానికి తిరిగిపోతాయి. తమరి మాట పట్టుకుని తొంభైలలో మనవాళ్ళు అక్కడే రొయ్యల చెరువులు తవ్వారు. నీళ్ళ ట్యాంకు కూల్చి, ఆ ఇటుకలతో చలివేంద్రం కట్టినట్టు. 1994లో రొయ్యకి జబ్బు తగిలింది. చెరువులు చాలా ఖాళీ అయ్యాయి, గట్లు మాత్రం మిగిలాయి. గట్టు ఉంటే పోటు రాదు, పోటు రాకపోతే ఇలకూర రాదు. తమరి పేరు అప్పుడు సార్థకమైంది. రాసినప్పుడు అబద్ధమే, ఏళ్ళ తరబడి ఓపిక పట్టి నిజం చేసుకున్నారు.

మడ అడవుల్నీ చిత్తడి నేలల్నీ రొయ్యల చెరువులుగా మార్చొద్దని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. తీరంలో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో చెప్పే 2011, 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్లు మా పర్ర లాంటి ఉప్పు చిత్తడి నేలని పగడపు దిబ్బల పక్కన, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల సరసన, మొదటి వరసలో కూర్చోబెట్టాయి. అదే దేశంలో వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ అని, బంజరు భూముల పటాలతో, ఇంకో పుస్తకం ఉంది. మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ చిత్రాలతో తయారైంది. అందులో ఉప్పు తేలిన నేలకో గడి, చిత్తడి నేలకో గడి. ఒక కాగితంలో వీఐపీ, ఇంకో కాగితంలో చెత్త. ఆ రెండు కాగితాలకీ ఇంతవరకు పెళ్ళిచూపులు కూడా కాలేదు.

తమర్ని నమ్మేవాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, అదే పెద్ద టెన్షన్. పచ్చగా లేదని జాలిపడి, పర్ర నడుమ మడ మొక్కలు నాటేస్తారు. నెలకి రెండు పోట్లు తప్ప నీళ్ళందని చోట అవి ఎన్నాళ్ళు బతుకుతాయి? నేనూ ఒకసారి నాటాను. మొక్క లేదు, ఫొటో ఉంది.

వచ్చే పున్నానికి ఒకసారి రండి. బూట్లు ఇంటి దగ్గరే వదిలేయండి, మోకాలి లోతు దిగబడతారు. ఇలకూర పప్పు చేయిస్తాం. ఉప్పు చూసి వేయమని మా అమ్మకి ముందే చెబుతాను.

ఇట్లు,
పర్ర గట్టు మీద నిలబడ్డ ఒకడు

తా.క.: కోరంగి మడ అడవి వైపు నుంచి బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) ఒకటి రాత్రి ఈ బురదలో తిరిగినట్టు అడుగులున్నాయి. ఏ సర్వే నంబరులోకి వచ్చిందో కాస్త చూసి చెప్పగలరు.