ఆరు కేజీల కోసం

మా అప్ప (అక్క) కొడుకు చిన్నాకి కారు రేసుల పిచ్చి. విజయనగరంలో ట్రాక్ లేదు. వాడు కలలు కనే ట్రాక్ ఎక్కడో చెన్నై అవతల, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. అయినా కంటోన్మెంట్‌లో అప్ప ఇంటి ముందున్న పాత జెన్ కారు మాత్రం రేపే పోటీ అన్నట్టు చిక్కిపోతూ వచ్చింది. బరువు తగ్గితే జోరు పెరుగుతుందని మొదట వెనక సీటు పోయింది. తర్వాత ఏసీ, స్పీకర్లు, స్టెప్నీ. తీయడానికి ఇంకేమీ మిగలక అద్దాల మీద పడ్డాడు.

"3 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి 7.5 కేజీలు తూగుతుంది మావయ్యా. అదే మందం పాలికార్బొనేట్ ప్లాస్టిక్ అయితే 3.6 కేజీలే!"

ముందు అద్దం జోలికి మాత్రం వెళ్లడట. ప్లాస్టిక్ మీద వైపర్ నాలుగు రోజులు ఆడితే గీతలు పడి రోడ్డే కనిపించదు, అక్కడ పగిలినా ముక్కలు రాలని లామినేటెడ్ అద్దమే ఉండాలి. ఇక నాలుగు తలుపులూ, వెనక అద్దమూ కలిపి ఒకటిన్నర చదరపు మీటరు అనుకున్నా, మిగిలేది ఆరు కేజీలు. ఆ ముందు వారమే అప్ప కవిటి నుంచి తెప్పించుకున్న పనసకాయ అంతకంటే బరువు. వచ్చింది కూడా ఆ కారులోనే, వెనక సీటు లేదు కాబట్టి దర్జాగా. ఇంట్లో గొడవెందుకని ఆ లెక్క నేను పైకి చెప్పలేదు.

గంటస్తంభం దగ్గర నేమ్‌ప్లేట్లు చేసే షాపుకి వెళ్లాం. అక్కడున్నదంతా యాక్రిలిక్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. అది గీతలకి తట్టుకుంటుంది గానీ దెబ్బ తగిలితే ముక్కలైపోతుంది, కారుకి పనికిరాదు అన్నాడు చిన్నా. షాపాయనకి రోషం వచ్చింది. "రెండూ ఒకటే బావూ! దీన్నేటి సేసినా ఇరగదు" అని సుత్తి తీసి ఒక్కటిచ్చాడు. అది మూడు ముక్కలైంది. "ఇది పాత సరుకులెండి" అన్నాడు. సరుకు ఏదైనా ఆయన ధైర్యం మాత్రం గట్టిది.

చివరికి విశాఖ నుంచి, గీతలు పడకుండా పైన హార్డ్ కోటింగ్ ఉన్న పాలికార్బొనేట్ వచ్చింది. హెల్మెట్ ముందుండే అద్దం, మనం పాటలు విన్న సీడీలు, అన్నీ ఈ జాతివే. దీన్ని సుత్తితో కొడితే సుత్తే ఎగిరింది. బావగారు ముచ్చటపడి మరో రెండు దెబ్బలు వేశారు.

ఫ్రిజ్ అట్టపెట్టె కోసి అచ్చులు తీశాడు. జిగ్‌సా రంపంతో షీట్ కోశాడు. తలుపుల్లోంచి అద్దాలూ, వాటిని పైకీ కిందకీ తిప్పే మిషన్లూ ఊడదీశాడు. ఇంతవరకూ పని ముచ్చటగానే సాగింది. షీటుకి రెండువైపులా పల్చటి కవరు ఉంటుంది, బిగించే ముందు కనీసం అంచుల్లోనైనా అది ఒలిచెయ్యాలి. "గీతలు పడతాయి, ఉండనీ" అన్నాడు సాయానికొచ్చిన వాడి స్నేహితుడు. సరేనని కవరు మీదే రివెట్లు కొట్టేశారు. కన్నాలు రివెట్‌కి సరిగ్గా అతికినట్టు ఉన్నాయని ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

అది మే నెల. పాలికార్బొనేట్ ఒక్కో డిగ్రీకి మీటరు పొడవున 0.07 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, తలుపు ఇనుము అందులో ఆరో వంతే. పొద్దుటికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీలు పెరిగితే మీటరుకి 2 మిల్లీమీటర్లు. కన్నాల్లో చోటు లేకపోతే అది ఎటు పోతుంది పాపం? మేం భోజనాలు చేసి బయటికొచ్చేసరికి కారు నాలుగువైపులా అప్పడాల్లా పొంగింది.

పైగా ఆ ఎండకి కవరు అతుక్కుపోయింది. పీకితే గోరంత ముక్క వస్తోంది. అప్పతో సహా ఇంటిల్లిపాదీ కారు చుట్టూ పీటలేసుకుని గోళ్లతో గీకుతుంటే, వీధిలో పోయేవాళ్లు ఆగి "ఏటండీ, పెళ్లి స్టిక్కర్లా?" అని అడిగి వెళ్లారు.

బావగారికి ఓపిక తక్కువ. గేటు రంగుకి తెచ్చిన థిన్నర్ సీసా పట్టుకొచ్చి, చిన్నా మంచినీళ్లకి లోపలికెళ్లిన సందులో, గుడ్డతో ఒక తలుపంతా తుడిచేశారు. జిగురు నిమిషంలో పోయింది. ఆయన మావైపు గర్వంగా చూశారు. అప్పుడే ఒక రివెట్ దగ్గర సన్నటి గీత, దాని పక్కన ఇంకోటి. బిగువు మీదున్న పాలికార్బొనేట్‌కి థిన్నర్ తగిలితే పగుళ్లు తీస్తుంది. దాన్ని తుడవాలంటే సబ్బునీళ్లే వాడాలి. చిన్నా వచ్చి చూసి నోట మాట రాక నిలబడిపోయాడు.

"సుత్తితో కొట్టినా విరగదన్నావు కదరా?" అన్నారు బావగారు, తప్పంతా షీటుదే అన్నట్టు.

సరే, పాత అద్దాలే పెట్టేద్దామన్నారు. అద్దాలు భద్రంగా ఉన్నాయి, పాత సామాన్లవాడు వద్దన్నాడు కాబట్టి. వాటి మిషన్లు మాత్రం లేవు. ఇనుము కదా అని బావగారు తూకానికి వేసేశారట. చిన్నా వడ్రంగి చేత చెక్కముక్కలు కోయించి, అద్దాలు కిందకి జారకుండా సందుల్లో బిగించాడు.

మొన్న అప్పని పైడితల్లి అమ్మవారి గుడికి ఆ కారులోనే తీసుకెళ్లాడు. దారిలో ఉక్కగా ఉందని అప్ప చెక్కముక్క లాగేసింది. అద్దం దబ్బున తలుపులోకి పడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు గాలివాన. వెనక పడున్న పాలికార్బొనేట్ ముక్క తీసి, ఇల్లు చేరేదాకా రెండు చేతులతో కిటికీకి అదిమిపట్టుకుని కూర్చుంది. చీర సగం తడిసింది.

"చూశావా అమ్మా, ఎంత తేలిగ్గా ఉందో!" అన్నాడట చిన్నా.