జీబీలు చూసి గ్రాఫిక్స్ కార్డు కొనకండి

"గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు ఎన్ని జీబీ అన్నది ఒక్కటే చూడండి, జీబీ ఎక్కువైతే స్పీడు ఎక్కువ. పేరు ఒకటే అయితే లోపల అంతా ఒకటే, చవగ్గా దొరికేది తీసుకోండి. ఎంత పాత కంప్యూటర్‌కైనా బిగించుకోవచ్చు." పిల్లలకి కంప్యూటర్ కొనేవాళ్లకు సలహా అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటల సారం ఇది. ఇందులో ఏ మాటా నిలబడదు. దీన్ని నమ్మి నష్టపోయేది కూడా పైసా పైసా కూడబెట్టి కొనేవాళ్లే. అందుకే వదిలేయకుండా జవాబు చెబుతున్నాను.

ముందు జీబీల సంగతి. తెర మీద బొమ్మలు గీసే చిప్, దానికి కావాల్సిన మెమరీ కలిసి ఉన్నదే గ్రాఫిక్స్ కార్డు. దాని మీద రాసిన జీబీ అంటే బొమ్మల డేటా పెట్టుకునే చోటు, అంతే. ఆ డేటా చిప్‌కి ఎంత వేగంగా అందుతుందో, చిప్ ఎంత వేగంగా పని చేస్తుందో ఆ అంకె చెప్పదు. మేడ మీద ఎంత పెద్ద ట్యాంకు పెట్టినా, పైపు సన్నగా ఉంటే కుళాయిలో నీళ్లు సన్నగానే వస్తాయి.

ఆ పైపు లెక్క ఎవరికి వాళ్లే వేసుకోవచ్చు. మెమరీ నుంచి చిప్‌కి డేటా వెళ్లే దారిని, అంటే ఆ పైపుని, బస్ అంటారు. కార్డు వివరాల్లో దాని వెడల్పు బిట్లలో ఉంటుంది. దాన్ని 8తో భాగించి జీబీపీఎస్ అని రాసిన మెమరీ వేగంతో గుణిస్తే సెకనుకు ఎన్ని జీబీల డేటా కదులుతుందో వస్తుంది. తక్కువ బడ్జెట్ కార్డు జీటీ 730లో 4 జీబీ రకాన్నే చూడండి, అందులో ఉండేది డీడీఆర్3 అనే పాత రకం మెమరీ. బస్ 64 బిట్లు, మెమరీ వేగం 1.8. లెక్క కడితే సెకనుకు 14.4 జీబీ. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడా 4 జీబీయే. కానీ దాని బస్ 128 బిట్లు, మెమరీ వేగం 8. లెక్క కడితే సెకనుకు 128 జీబీ. రెండు డబ్బాల మీదా 4 జీబీ అనే ఉంటుంది, డేటా వేగంలో తేడా మాత్రం దాదాపు తొమ్మిది రెట్లు! పైగా జీటీ 730 అనేది 2014 నాటి కార్డు. అందులోని కెప్లర్ తరం చిప్‌లకు కొత్త ఆటల డ్రైవర్లు, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, ఇవ్వడం ఆ చిప్‌లు చేసిన ఎన్విడియా కంపెనీ 2021లోనే ఆపేసింది.

ఖరీదైన కార్డుల్లోనూ ఇదే కథ. ఆర్టీఎక్స్ 3060కి 12 జీబీ, 3060 టీఐకి 8 జీబీ. అయినా ఆటల్లో టీఐ ముందుంటుంది, ఎందుకంటే దాని చిప్ పెద్దది, బస్ 256 బిట్లు. 2023లో 4060 టీఐని 8 జీబీ, 16 జీబీ రకాల్లో తెచ్చారు. చిప్ అదే, బస్ అదే, ధరలో తేడా 100 డాలర్లు. 8 జీబీ సరిపోయే ఆటలో రెండూ ఇంచుమించు ఒకేలా నడుస్తాయి.

అలాగని జీబీలతో పనే లేదని నేననను. చోటు చాలకపోతే కార్డు తన డేటాను మదర్‌బోర్డు మీదున్న ర్యామ్‌లో పెట్టి తెచ్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఈమధ్య వచ్చే పెద్ద ఆటల్లో అన్ని సెట్టింగులూ పెంచితే 8 జీబీ చాలడం లేదు. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడుపుకునేవాళ్లకైతే మోడల్ మొత్తం కార్డులో పట్టడమే ముఖ్యం, వాళ్లకి 3060 టీఐ కన్నా 12 జీబీ 3060యే మేలు. మన పనికి ఎంత చోటు కావాలో చూసుకోవాలి. ఆ తర్వాత చిప్పూ బస్సూ చూడాలి.

ఇక రెండో మాట, పేరు ఒకటైతే సరుకు ఒకటేనట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ తప్పు కొనేవాడిది కాదు. జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, డేటా వేగం 48. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది, వేగం 16.8. మూడో వంతు! 2024లో వచ్చిన 6 జీబీ ఆర్టీఎక్స్ 3050 కూడా పాత 8 జీబీ 3050లో మెమరీ ఒక్కటే తగ్గించింది కాదు. చిప్‌లో లెక్కలు చేసే కోర్లు 2560 నుంచి 2304కి, బస్ 128 నుంచి 96 బిట్లకు దిగాయి. ఆర్టీఎక్స్ 4080 అని రెండు వేర్వేరు చిప్‌లతో 12, 16 జీబీ కార్డులు ప్రకటించినప్పుడు జనం గట్టిగా నిలదీశారు. 2022 అక్టోబరులో ఆ పేరు సరిగ్గా లేదని ఎన్విడియా ఒప్పుకుని 12 జీబీ రకాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత అదే 4070 టీఐ పేరుతో వచ్చింది. నిలదీస్తే మారతారు. అయితే 1030 కొనే కుటుంబం తరఫున అంత గట్టిగా అడిగేవాళ్లు తక్కువ.

అందుకే బిల్లు కట్టేముందు షాపులోనే కార్డు పెట్టించి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిపించండి. మెమరీ రకం, బస్ వెడల్పు, డేటా వేగం అన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. పాత చిప్‌కి కొత్త పేరు అంటించిన నకిలీ ఎన్విడియా కార్డుల్ని చాలావరకు అది పట్టేస్తుంది కూడా. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇది తప్పనిసరి.

చివరిది, ఏ పాత కంప్యూటర్‌కైనా సరిపోతుందన్న మాట. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా నడిచే దారుల్ని పీసీఐ లేన్లు అంటారు. ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వాటిలో నాలుగే వాడుతుంది. ఆ దారులు నెమ్మదిగా ఉండే పీసీఐ 3.0 పాత బోర్డులో పెడితే కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580 మంచి కార్డే, కానీ ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని బోర్డు మీద దాన్ని పెట్టడం డబ్బు దండగ.

కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటిచ్చే డబ్బా, ఎస్ఎంపీఎస్ సంగతీ అంతే. పక్కనున్న స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉందని సంబరపడకండి, కార్డూ ప్రాసెసరూ ముఖ్యంగా వాడుకునే 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 16 అని ఉంటే 12తో గుణిస్తే 192 వాట్లే. ఆర్టీఎక్స్ 3060 ఒక్కదానికే 170 కావాలి, ప్రాసెసర్‌కి మిగిలేది 22. అలాంటి ఎస్ఎంపీఎస్ మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేకుండా మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే 6 జీబీ 3050 లాంటిది చూడండి.