చమురు ఒలికిందా? బకెట్ తెండి!

సముద్రంలో చమురు ఒలికిన ప్రతిసారీ పర్యావరణం, పర్యావరణం అని గగ్గోలు పెట్టేవాళ్లకి ఈ రంగంలో జరిగిన శాస్త్రీయ ప్రగతి తెలియదు. తెలియజెప్పడం నా బాధ్యత.

చమురు ఒలకగానే చేయాల్సిన మొదటి పని, ఒలకలేదని చెప్పడం. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కన ఎన్నూరులో, కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాస్ దింపేసి వెళ్తోంది, రెండోది పెట్రోలియం నింపుకుని వస్తోంది. చమురు కాలుష్యం లాంటి నష్టమేమీ జరగలేదని పోర్టు వారు సెలవిచ్చారు. ఆ ప్రకటన చదవని చమురు మాత్రం ఎర్నావూరు ఒడ్డున రాళ్ల సందుల్లోకి వచ్చి కూర్చుంది.

తర్వాత ఒలికింది ఇరవై టన్నులన్నారు. చిత్రమేమిటంటే, ఒడ్డు నుంచి ఎత్తిపోసిన మడ్డి ఆ ఇరవైని ఎప్పుడో దాటేసింది. బావిలో ఉన్న నీళ్లకన్నా తోడిన నీళ్లు ఎక్కువన్నమాట! నవ్వకండి, ఇందులో కొంత నిజంగానే రసాయన శాస్త్రం. బరువైన ఫర్నేస్ ఆయిల్‌ని అలలు చిలికితే అది నీళ్లు పీల్చుకుని చిక్కటి ముద్దలా మారుతుంది. మూడు నాలుగింతలు ఉబ్బుతుంది కూడా. దీన్ని సైన్సులో ఎమల్షన్ అంటారు. ఆఫీసులో అయితే అంచనాల సవరణ అంటారు. సవరించగా సవరించగా లెక్క చివరికి 250 టన్నులు దాటింది.

ఆ ముద్దని లాగడానికి మురుగు తోడే లారీలు తెచ్చారు. మడ్డి పైపులకి అడ్డంపడింది. అప్పుడు రంగంలోకి దిగింది బకెట్. కుర్రాళ్లు, మత్స్యకారులు, సిబ్బంది రాళ్ల మీద వరసగా నిలబడి, మోచేతుల దాకా నల్లగా, చేతులు మార్చుకుంటూ బకెట్లు అందించారు. కొందరికి గ్లవ్స్ కూడా లేవు. అదే తీరంలో కాస్త ఉత్తరాన మన శ్రీహరికోట నుంచి ఫిబ్రవరి 15న ఒకే రాకెట్‌లో 104 ఉపగ్రహాలు ఎగిరాయి. తేలిక పనులకి రాకెట్, కష్టమైన వాటికి బకెట్. ప్రాస మాత్రం బాగా కుదిరింది.

అమెరికా వాళ్లు ఇంకా ముందున్నారు. వాళ్లు ఎత్తిపోయడంతో ఆగరు, మాయం చేస్తారు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ కోసం బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. సముద్రం అడుగున బావి 87 రోజులు చమురు కక్కింది. రోజుకి వెయ్యి పీపాలన్నారు, తర్వాత ఐదు వేలన్నారు, చివరికి శాస్త్రవేత్తలు యాభై వేల పైచిలుకని తేల్చారు. ఎన్నూరుతో చుట్టరికం ఇక్కడ బయటపడింది. గల్ఫ్‌లో ఒలికిన చమురు మీద సుమారు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ అనే రసాయనం చల్లారు. అది పైన తేలే జిడ్డుని సన్నటి బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది. బ్యాక్టీరియాకి తినడం సులువవుతుందని అంటారు, అబద్ధం కాదు. అవే బొట్లు చేప పిల్లలకీ అందుతాయి. ముడి చమురులోని కొన్ని పదార్థాలు గుడ్డులో ఉన్న పిల్ల గుండె లయనే చెడగొడతాయని పరిశోధనల్లో తేలింది. టీవీ కెమెరా అంత లోతుకి వెళ్లదు కాబట్టి టెన్షన్ లేదు. పైగా బీపీ అధిపతి అప్పుడే భరోసా ఇచ్చారు: సముద్రం చాలా పెద్దది, అందులో మేం కలిపింది ఏపాటి అని.

ముందుచూపు లేదని మాత్రం ఎవరూ అనలేరు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో బీపీ 2009లోనే ప్రణాళిక రాసిపెట్టుకుంది. సంప్రదించాల్సిన నిపుణుల్లో ఒకాయన 2005లోనే కాలం చేశారు. కాపాడాల్సిన జంతువుల్లో వాల్‌రస్‌లున్నాయి. అవి ఆర్కిటిక్ మంచులో ఉంటాయి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి చుట్టపుచూపుగా కూడా రావు. పోటీ కంపెనీల ప్రణాళికల్లోనూ వాల్‌రస్‌లు దర్శనమిచ్చాయి. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్ చూసిన అనుభవం ఉన్నవారికి విడమరచి చెప్పక్కర్లేదు. అయినా ఫలితం చూడండి: 87 రోజులు చమురు పారినా ఒక్క వాల్‌రస్‌కి కూడా జిడ్డు అంటలేదు. ఆ పేజీ వరకు ప్రణాళిక నూటికి నూరు శాతం అమలైనట్టే.