సవరణ: కొత్త కోళ్లను వేరుగా ఉంచే గడువు

సంతలో కొన్న నాటుకోళ్లను పెరటి మందలో కలిపే ముందు వారం రోజులు వేరుగా ఉంచితే చాలునని, అందుకు అదే కొట్టంలో మధ్యన వల కట్టినా సరిపోతుందని నేను ఇదివరకు రాసినది రెండు విధాలా తప్పు. పశువైద్యులు సాధారణంగా సూచించే గడువు సుమారు 30 రోజులు. కొక్కెర తెగులుగా మనకు తెలిసిన రాణిఖేత్ వ్యాధి సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 15 రోజులు పట్టవచ్చు కనుక, వారంపాటు హుషారుగా తిరిగిన కోడికి జబ్బు లేదని చెప్పలేము. టీకా వేసిన కోడి సైతం తాను జబ్బుపడకుండానే వైరస్‌ను రెట్టలో విడుదల చేయగలదు.

వల గాలిని, రెట్టల దుమ్మును ఆపదు. కాబట్టి కొత్తవాటిని వేరే కప్పు కింద, వీలైనంత దూరంలో ఉంచి, వాటికి విడిగా మేత, నీటి గిన్నెలు పెట్టి, రోజూ పాత కోళ్ల పని ముగించిన తరువాతే చెప్పులు మార్చుకొని వాటి దగ్గరికి వెళ్లాలి. చాలామంది పట్టించుకోనిది ఈ చెప్పుల సంగతే.

వల కట్టే పద్ధతి గడువు ముగిశాక పనికొస్తుంది. కొన్ని రోజులు ఎదురెదురుగా ఉంటే కలిపినప్పుడు పొడుచుకోవడం తగ్గుతుంది. ఇప్పటికే వారానికే కలిపినవారు మందలో ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర, గురక కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించండి.