ముక్కుండగా హైడ్రోమీటరు దేనికి?

శ్రీకాకుళం జిల్లాలో డీజిల్ పరీక్షించే ప్రయోగశాలలకు కొదవలేదు. లారీకొకటి చొప్పున ఉన్నాయి, ఒక్కోదానికి రెండు రంధ్రాలు. మడపాం టోల్‌గేటు దాటాక ఏ టీకొట్టు దగ్గరైనా నిలబడి చూడండి. డ్రైవరు ట్యాంకు మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, "ఆ బంకోడు కిరసనాయిలు కలిపేసినాడు బాబూ" అని తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

ఇంతటి శాస్త్రం మీద ప్రభుత్వం పగబట్టిన సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకు ప్రభుత్వం గీసిన గీత. బీఎస్-3 రోజుల్లో డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా గంధకం ఉండనిచ్చేవారు. 2017లో బీఎస్-4 పేరుతో దేశమంతా 50కి దించారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అని ఏకంగా 10కి దించేశారు. పొగ తగ్గిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఘాటు తగ్గి ఉపాధి కోల్పోయిన ముక్కులకు మాత్రం పైసా పరిహారం ఇవ్వలేదు.

గంధకం తీసేటప్పుడు డీజిల్‌కున్న జారుడు గుణం కూడా కొంత పోతుంది. ఆ లోటు తీర్చే మందు బంకుకు రాకముందే కలిపేస్తారు. అయినా మన మేస్త్రులకు నమ్మకం లేదు. "ఆయిల్ పల్చబడిపోయింది" అంటూ ట్యాంకులో టూ స్ట్రోక్ ఆయిల్ పోయిస్తారు. అది కాలాక మిగిలే బూడిద కొత్త బండ్ల సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఫిల్టర్ మార్చాల్సి వచ్చినప్పుడు మేస్త్రికి పని దొరుకుతుంది. దీన్నే స్థానిక ఉపాధి కల్పన అంటారు.

ఇక కంపెనీ అభిమానం. ఫలానా బంకు ఆయిల్‌లోనే పవరుందని కొట్టుకునేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు ఒకరి డిపోలో సరుకు ఇంకొకరు తీసుకోవడం మామూలే. అన్నిటికీ ప్రమాణం ఒక్కటే, మామూలు డీజిల్‌కైనా సీటేన్ (ఇంజిన్‌లో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) 51కి తగ్గకూడదు. ప్రీమియం అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మే రకంలో తేడా పైన కలిపే మందులదే. కానీ సీటేన్‌కు వాసన లేదు కదా, అందుకే మన పరీక్షలో దానికి మార్కులు పడవు.

కొలతలో మోసం పట్టడానికి మనవాళ్ల ఆయుధం గణితం. ఐదు వేలకు కొట్టమంటే మోసం, ఐదు వేల పదికి కొట్టమంటే ధర్మం. మోసగాడికి పదుల లెక్క రాదని మన ప్రగాఢ విశ్వాసం. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్ర బంకులోనే ఉంటుంది, అడిగితే కొలిచి చూపించాలి. అడిగితే బంకు కుర్రాడు ఏమనుకుంటాడో అని టెన్షన్, వెనక లారీవాడు హారన్ కొడతాడని ఇంకో టెన్షన్.

అసలు దోషి హైడ్రోమీటరు. గాజు జాడీలో డీజిల్ పోసి దాన్ని తేలేస్తే డెన్సిటీ, అంటే లీటరు డీజిల్ ఎన్ని గ్రాములుందో తెలుస్తుంది. థర్మామీటరు చూసి, పట్టికలో 15 డిగ్రీలకు మార్చి, ట్యాంకర్ చలానాలో ఉన్న అంకెతో పోల్చాలి. మూడు యూనిట్లకు మించి తేడా ఉంటే అనుమానించాలి. కిరసనాయిలు తేలిక కాబట్టి కలిస్తే అంకె పడిపోతుంది. ఇందులో తిరకాసు వేడి. 15 డిగ్రీల దగ్గర 830 ఉండే సరుకు మన 35 డిగ్రీల ఎండలో 816 ప్రాంతంలో చూపిస్తుంది. పట్టిక చూడకుండా ఆ అంకె ఫోటో తీసి "దోపిడీ" అని గ్రూపులో పెట్టినవాడే ఆ రోజుకు హీరో. (డెన్సిటీ కలిసినంత మాత్రాన సరుకు గంగాజలమని కాదు. నీటి సంగతి వేరే చూడాలి. తుఫాను వానలు పడ్డాక డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదలడానికి క్లీనర్‌కు రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి వదలడు.)

కొత్త బండ్లకు యాడ్‌బ్లూ, అంటే పొగలో విషం తగ్గించడానికి వాడే ద్రవం, ఇంకో తలనొప్పి. అది శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా, అంతే. అంతే అనగానే మనవాళ్ల కళ్లు ఎరువుల గోదాం మీద పడ్డాయి. పొలానికిచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. వరికి అది మంచిదే. లారీ పొగగొట్టంలోకి చిమ్మే సన్నటి నాజిల్‌కు మాత్రం కాదు. నాజిల్ మూసుకుపోయి, ఇంజిన్ తనంతట తానే పవరు తగ్గించుకుని, గ్రానైటు లోడుతో టెక్కలి దాటలేక నిలబడితే ఓనరు తిట్టేది కేంద్రాన్ని.

చివరగా ఇచ్ఛాపురం. సరిహద్దు దాటితే ఒడిశా ఆయిల్‌లో మైలేజీ ఎక్కువట. రెండువైపులా ఉన్నది అదే బీఎస్-6 డీజిలు. తేడా పన్నులో ఉంది. మన దగ్గర అమ్మకం పన్ను శాతం కాక లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు రూపాయి. జేబులో మిగిలింది బండి మైలేజీ అనుకుంటే ఎవరేం చేస్తారు? లారీలన్నీ అటు బారులు తీరితే ఇటు బంకులో కుర్రాళ్లు ఈగలు తోలుకుంటున్నారు. డెన్సిటీ చూపించమని అడిగేవాడెవడైనా వస్తే కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చూపిస్తారు.